తీగచుట్ట, దూది వత్తి, ఒక నిర్వచనం

ఏడున్నర సెంటీమీటర్ల లోహపు తీగ, చిటికెడు దూది. తీగను మూడు మిల్లీమీటర్ల మందమున్న కడ్డీ మీద ఆరు చుట్లు తిప్పి, దూదిని వత్తిగా పేని ఆ చుట్ల నడుమ దూర్చి, తీగ రెండు కొసలను రెండు మరల కింద బిగిస్తే తయారయ్యే వస్తువు చిటికెనవేలి గోరు మీద ఇముడుతుంది. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టాన్ని అక్షరాలా చదివితే ఈ పని 'తయారీ' అవుతుంది. తొలి నేరానికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా.

చట్టం రాసినవారి కళ్ల ముందు ఉన్నది ఈ తీగచుట్ట కాదు. వారు భయపడినది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తూ కళాశాల విద్యార్థి జేబులో దాగే, మూత విప్పే వీలే లేని కర్మాగారపు సరుకును చూసి. ఆ భయం నిరాధారం కాదు. అయితే నిషేధం వచ్చి ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూస్తే దేశంలో కనుమరుగైనది ఏది, చీకటి మార్గంలో వెల్లువెత్తినది ఏది అన్న ప్రశ్నకు జవాబు చట్టకర్తల అంచనాకు తలకిందులుగా ఉంది. ఈ తారుమారు ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ తీగచుట్ట కథ తెలియాలి.

1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే లోహశాస్త్రవేత్తకు నికెల్, క్రోమియంల మిశ్రమంపై పేటెంటు లభించింది. నిప్పుకణికలా ఎర్రబడినా గాలిలోని ఆక్సిజన్‌కు లొంగి పొడిబారిపోకపోవడం ఆ తీగ ప్రత్యేకత. రొట్టెలు కాల్చే టోస్టరు, విద్యుత్ ఇస్త్రీపెట్టె, గది హీటరు ఇళ్లలోకి రావడానికి దారి చేసింది ఆ నైక్రోమ్ తీగే. తర్వాతి తరంలో స్వీడన్‌కు చెందిన హాన్స్ ఫాన్ కాంట్జోవ్ నికెల్ లేకుండా ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి ఇంకా ఎక్కువ వేడిని తట్టుకునే మిశ్రమాన్ని రూపొందించారు. ఆయన పేరులోని మొదటి అక్షరాలతో మొదలయ్యే కంథాల్ సంస్థ 1931లో వెలసింది. వేడెక్కగానే ఈ తీగ ఒంటిమీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. వార్డెన్ కంట పడకుండా హాస్టల్ గదుల్లో దాచుకున్న కాయిల్ పొయ్యిని ఎరిగినవారికి ఈ జాతి తీగలు కొత్త కావు.

వత్తి సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రమిదలోని నూనెను దూది పోగుల సందుల గుండా పైకి లాగి నిప్పుకు అందించే ఉపాయం నాగరికతంత పాతది. ఈ రెంటినీ కలిపి, నిప్పు స్థానంలో విద్యుత్తును పెట్టి, ద్రవాన్ని ఆవిరిగా మార్చి పీల్చుకోవచ్చునన్న ఆలోచన కూడా చాలామంది అనుకునేంత కొత్తది కాదు. జోసెఫ్ రాబిన్సన్ అనే అమెరికన్‌కు 1930లోనే విద్యుత్ ఆవిరి యంత్రంపై పేటెంటు వచ్చింది. అది ఔషధాల కోసం ఉద్దేశించినది. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ పొగ లేని, పొగాకు లేని సిగరెట్‌కు 1963లో దరఖాస్తు చేసి 1965లో పేటెంటు పొందారు. రెండూ కాగితాల మీదే మిగిలాయి. సిగరెట్‌ను ప్రమాదరహితమని నమ్మించడానికి పొగాకు కంపెనీలు కోట్లు కుమ్మరిస్తున్న రోజుల్లో దానికి బదులు వెతుక్కోవలసిన తొందర పెట్టుబడిదారులెవరికీ లేకపోయింది.

ఆ తొందర 2003లో చైనాలోని షెన్‌యాంగ్ నగరానికి చెందిన హాన్ లిక్ అనే ఔషధశాస్త్రజ్ఞుడికి కలిగింది. స్వయంగా ధూమపాన వ్యసనపరుడైన ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించారు. ఆయన మొదటి నమూనాలో అతిధ్వని కంపనాలతో ద్రవాన్ని తుంపరగా చేసే ఏర్పాటు ఉండేది. మార్కెట్లో నిలిచింది మాత్రం వేడి తీగ పద్ధతే. 2006-07 నాటికి ఆ పరికరాలు ఐరోపాకూ అమెరికాకూ చేరాయి. తర్వాత పదేళ్లకు ఆయన పేటెంట్లు ఎవరి చేతికి చేరాయో గమనించదగ్గది: 2013లో ఒక బ్రిటిష్ సిగరెట్ దిగ్గజం అనుబంధ సంస్థ వాటిని ఏడున్నర కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

తొలినాళ్ల చైనా పరికరాలు చూడటానికి సిగరెట్లా ఉండేవి, పనిలో నాసిరకం. గాజుపీచు దారం మీద సన్నని నైక్రోమ్ తీగ నాలుగైదు చుట్లు, చుట్టూ ద్రవంలో నానబెట్టిన పాలియెస్టర్ పీచు, వెనక వేలెడంత బ్యాటరీ. కొద్ది రోజులకే పీచు ఎండి, తీగ మాడి, నోటికి కాలిన ప్లాస్టిక్ రుచి తగిలేది. కొత్త విడిభాగం కొనుక్కోవడం తప్ప మార్గం ఉండేది కాదు. సిగరెట్ మానేద్దామని ఈ దారి పట్టినవారిలో చాలామంది వారం తిరక్కుండా మళ్లీ సిగరెట్‌కే మరలేవారు. కొందరు మాత్రం పరికరాన్నే విప్పారు.

రీబిల్డబుల్ అటమైజర్ల చరిత్ర ఈ విప్పడంతోనే మొదలయింది. పేరు బరువైనదే కానీ వస్తువు సూటిది. ఒక లోహపు పీఠం, దాని మీద ధన, రుణ ధ్రువాలకు రెండు స్తంభాలు, తీగ కొసలను బిగించే మరలు, గాలి వచ్చే రంధ్రం, పైన ఒక మూత. తీగ, వత్తి వాడుకరి తానే చేసుకోవాలి. పాడైతే విప్పి తీసేసి కొత్తవి కట్టుకోవాలి. టార్చిలైటు గొట్టాల్లో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం బ్యాటరీలను అమర్చి ఆంగ్లేయులు, అమెరికన్లు, ఫిలిప్పీన్స్ వాసులు సొంత పరికరాలు చేసుకున్నారు. మొదట్లో వత్తిగా సన్నని స్టీలు వలను చుట్టి వాడేవారు. లోహం లోహానికి తగిలితే విద్యుత్తు అడ్డదారి పడుతుంది. అందుకని ఆ వలను ముందుగా గ్యాసు మంట మీద పదేపదే కాల్చి, పైన ఆక్సైడ్ పొర పట్టేలా చేసేవారు. ఆ పొరే తీగకూ వలకూ మధ్య విద్యుత్ నిరోధకం. తర్వాత గాజుపీచు తాడు వచ్చింది. 2012-13 ప్రాంతంలో అందరి చూపూ దూది మీదికి మళ్లింది. మందుల దుకాణపు దూదిని నీళ్లలో ఉడికించి, అందులోని నూనెలను పోగొట్టి, ఆరబెట్టి వాడేవారు. సౌందర్య సాధనాల అంగళ్లలో దొరికే జపాను దూది బిళ్లలకు ఉన్నట్టుండి గిరాకీ పెరిగింది. క్షౌరశాలల్లో వాడే రేయాన్ పీచును కొందరు మెచ్చారు. నూనె దీపం వెలిగించే ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతినే వీరు ఇంకొక దారిలో కనుగొన్నారు: వత్తి మరీ బిగుతుగా ఉంటే ద్రవం పైకి రాదు, మరీ వదులైతే పొంగి కారుతుంది.

తీగ విషయంలో లెక్క తప్పకూడదు. 1827లో జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ ఓమ్ ప్రచురించిన సూత్రమే ఇక్కడ కాపలాదారు. 0.4 మిల్లీమీటర్ల మందమున్న కంథాల్ తీగ మీటరుకు సుమారు 11.5 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. ఏడున్నర సెంటీమీటర్ల ముక్కకు అది 0.86 ఓమ్ దగ్గర ఉంటుంది. నిండుగా చార్జయిన బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది గనుక దాదాపు 5 ఆంపియర్లు ప్రవహించి 20 వాట్ల వేడి పుడుతుంది. అలాంటి చుట్టలు రెండు పక్కపక్కన సమాంతరంగా బిగిస్తే నిరోధం సగానికి పడిపోతుంది, ప్రవాహం 10 ఆంపియర్లకు చేరుతుంది, వేడి 40 వాట్లు దాటుతుంది. గదంతా వెలుగు నింపే ఎల్ఈడీ బల్బు 9 వాట్లతో సరిపెట్టుకుంటుందని గుర్తు చేసుకుంటే అంత చిన్న చోట ఎంత వేడి పోగవుతుందో ఊహకు అందుతుంది. ఇంకా దట్టమైన ఆవిరి కోసం నిరోధాన్ని 0.1 ఓమ్‌కు దించితే ప్రవాహం 42 ఆంపియర్లు. సాధారణ లిథియం బ్యాటరీ ఏదీ నిలకడగా భరించగల ప్రవాహం కాదది.

చుట్టడంలోనూ మెలకువలు పుట్టాయి. చుట్లు ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉంటే కొన్ని చోట్ల మాత్రమే ఎర్రబడతాయి. అందుకని పరికరానికి బిగించాక తక్కువ వేడిలో వెలిగించి, పింగాణీ మొనలున్న పట్టకారుతో చుట్లను దగ్గరకు నొక్కేవారు. నడిమి చుట్టు మొదట ఎర్రబడి ఆ ఎరుపు రెండు వైపులా సమంగా పాకితే చుట్ట కుదిరినట్టు. లావు తీగ మీద సన్నని తీగను గిటారు తంత్రిలా చుట్టే పద్ధతికి ఎరిక్ క్లాప్టన్ పేరు పెట్టుకున్నారు. 2014లో తీగ నిరోధం వేడితో పాటు మారే తీరును లెక్కగట్టి ఉష్ణోగ్రతను నియంత్రించే చిప్‌లు వచ్చాయి. వాటి కోసం స్వచ్ఛమైన నికెల్ తీగ వాడారు. వత్తి ఎండగానే చిప్ కరెంటును తగ్గిస్తుంది. గంటల తరబడి బల్ల ముందు కూర్చుని తీగతో తంటాలు పడేవారి చిరాకుకు పరిశ్రమ ఇచ్చిన జవాబు అది.

ఈ చేతిపనిని కీర్తించవలసిన అవసరం లేదు. దాని ప్రమాదాలు కల్పితాలు కావు. ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల వద్ద, గ్లిసరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. తడి ఉన్నంతసేపు తీగ వేడి ఆ హద్దుల్లోనే ఉంటుంది. వత్తి ఎండితే వేడికి అడ్డుండదు. దూది మాడి, గ్లిసరిన్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషాలు పుడతాయి. 2015లో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో రాసిన లేఖ ప్రపంచమంతటా పతాక శీర్షికలకెక్కింది. 3.3 వోల్టుల వద్ద కనిపించని ఫార్మాల్డిహైడ్ సంయోగాలు 5 వోల్టుల వద్ద పెద్ద మోతాదులో కనిపించాయన్నది దాని సారాంశం. గ్రీకు వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్ అదే తరహా పరికరంతో ప్రయోగం చేసి, ఆ స్థితిలో వచ్చే ఆవిరిని మనిషి పీల్చలేడనీ, మాడు రుచికి వెంటనే తీసేస్తాడనీ వాదించారు. యంత్రం పీల్చినట్టు మనిషి పీల్చడన్న సంగతి ఒక్కసారైనా వత్తి కట్టినవాడికి తెలుసు. ప్రయోగశాలకు తెలియలేదు.

అలాగని చేతిపనివారి ధీమా అంతా నిజమూ కాదు. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 56 మంది వాడుకరుల సొంత పరికరాలను పరీక్షించారు. సీసాలోని ద్రవంలో నామమాత్రంగా ఉన్న క్రోమియం, నికెల్, సీసం వేడి తీగను తాకి వచ్చిన ఆవిరిలో చాలా పెరిగాయి. తీగ నుంచి ఏమీ రాలదన్న నమ్మకానికి అక్కడ గండి పడింది. బ్యాటరీల సంగతి మరీ దారుణం. ఏ రక్షణ వలయమూ లేని, మీట నొక్కితే బ్యాటరీని నేరుగా తీగకు కలిపే లోహపు గొట్టాలు పేలి 2018 మే నెలలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సస్‌లో ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

ఇక ప్రభుత్వాలు. ఐరోపా సమాఖ్య 2014 నాటి పొగాకు ఆదేశంతో తొట్టి పరిమాణాన్ని 2 మిల్లీలీటర్లకు, సీసాను 10 మిల్లీలీటర్లకు, నికోటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2016 ఆగస్టు నుంచి అమలు చేసిన నిబంధన ఇంకా లోతుకు వెళ్లింది. కొనుగోలుదారు కోసం ద్రవం కలిపే, అమ్మే పరికరాన్ని మార్చే దుకాణదారును అది తయారీదారుగా లెక్కగట్టింది. అంతవరకూ కొత్తవారికి దుకాణంలో కూర్చోబెట్టి తీగ చుట్టి ఇచ్చిన వ్యాపారులు మరుసటి రోజు నుంచి చేతులు ముడుచుకున్నారు. ఇంట్లో తన కోసం తాను చుట్టుకునేవాడి జోలికి మాత్రం ఈ రెండు చోట్లా చట్టం పోలేదు.

సరిగ్గా అప్పుడే పరిశ్రమ వేరే దారి పట్టింది. 2015లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన జూల్ పరికరంలో విప్పడానికి మరలు లేవు. ఘాటు తగ్గించి ఎక్కువ నికోటిన్‌ను గొంతు దాటించే లవణ రూపం, మూసిపెట్టిన ద్రవపు గుళిక, లోపల ఎక్కడో చిన్న తీగ, వత్తి. చుట్టే నేర్పు అక్కరలేదు, ఓమ్ సూత్రం అక్కరలేదు, పదహారేళ్ల పిల్లవాడికైనా పీల్చడం వస్తే చాలు. 2018లో అమెరికా ఉన్నత పాఠశాలల విద్యార్థుల్లో 20.8 శాతం, 2019లో 27.5 శాతం ఈ-సిగరెట్లు వాడుతున్నట్టు అధికారిక సర్వే తేల్చింది. అదే 2019లో ఊపిరితిత్తుల గాయాల తుఫాను లేచింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది మరణించారు. ప్రధాన కారణం చీకటి బజారులో అమ్మిన గంజాయి గుళికల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ అని తర్వాత తేలింది. కానీ ఢిల్లీలో ఆర్డినెన్సు సిద్ధమవుతున్న వారాల్లో ఆ తేడా చెప్పేవారు లేరు, వినేవారూ లేరు.

భారతదేశంలో ఈ పరికరాలకు అప్పటిదాకా చట్టపరమైన చిరునామా లేదు. పంజాబ్‌తో మొదలై కర్ణాటక, కేరళ వంటి రాష్ట్రాలు ఎవరికి తోచిన దారిలో అవి నిషేధించాయి. కొన్ని దీన్ని అనుమతి లేని ఔషధమన్నాయి, కొన్ని విషమన్నాయి. 2018 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు సలహాపత్రం పంపింది. 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఇవి ఔషధం నిర్వచనంలోకి రావని ప్రాథమికంగా అభిప్రాయపడి, అమ్మకాలను అడ్డుకునే ఆదేశాన్ని నిలిపివేసింది. జూల్ సంస్థ భారత విపణిలో అడుగు పెట్టడానికి సన్నాహాలు చేస్తోందన్న వార్త కూడా ఆ ఏడాది మొదట్లోనే వచ్చింది. మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి శ్వేతపత్రం సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేసింది. సెప్టెంబరు 18న, మంత్రుల బృందానికి నేతృత్వం వహించిన ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆర్డినెన్సును ప్రకటించారు. ఆ రోజు సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. దేశంలోని అతిపెద్ద సిగరెట్ కంపెనీలో ఎల్ఐసీ సహా ప్రభుత్వ రంగ సంస్థలకు గణనీయమైన వాటాలున్న సంగతి ఆ సాయంత్రం చాలామందికి గుర్తొచ్చింది. నవంబరు 27న లోక్‌సభ, డిసెంబరు 2న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. సిగరెట్లను, గుట్కాను వదిలి దీన్నే ఎందుకు నిషేధిస్తున్నారన్న ప్రశ్న ఉభయ సభల్లోనూ వినిపించింది. కొత్త వ్యసనాన్ని మొగ్గలోనే తుంచుతున్నామన్నది ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ వాదం. అది కొట్టిపారేయదగిన వాదం కాదు. వేళ్లూనుకున్న పరిశ్రమను కదిలించడం ఎంత కష్టమో 1950ల నుంచి ప్రపంచం చూస్తూనే ఉంది.

అసలు విశేషం నిర్వచనాల్లో ఉంది. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా, ఏదైనా పదార్థాన్ని వేడి చేసి పీల్చడానికి ఆవిరి పుట్టించే ప్రతి ఎలక్ట్రానిక్ పరికరమూ ఈ-సిగరెట్టే. తయారీ అంటే ఆ పరికరాన్ని గానీ, దానిలోని ఏ భాగాన్నయినా గానీ చేయడం, కూర్చడం, అందుకు అనుబంధమైన ప్రతి ఉపప్రక్రియ. సొంతానికా, అమ్మకానికా అన్న విచక్షణ లేదు. విచిత్రమేమంటే వాడకాన్ని నేరంగా ప్రకటించే సెక్షను చట్టంలో ఎక్కడా లేదు. పీల్చడం నేరమని చెప్పని చట్టం పీల్చేవాడు తన పరికరంలో మాడిన వత్తిని మార్చుకోవడాన్ని మాత్రం తయారీ అనగలదు.

ఈ వాక్య నిర్మాణం 2019లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1944 నాటి కేంద్ర ఎక్సైజు, ఉప్పు చట్టంలో తయారీకి ఇచ్చిన నిర్వచనం తుది వస్తువు పూర్తికావడానికి అనుబంధమైన ఏ ప్రక్రియనైనా కలుపుకుంటుంది. ఆ వెంటనే రెండు వస్తువులను పేరుపెట్టి మరీ చెబుతుంది. పొగాకు విషయంలో సిగరెట్లు, చుట్టలు, బీడీలు, హుక్కా పొగాకు, నశ్యం సిద్ధం చేయడం తయారీ. ఉప్పు విషయంలో సేకరించడం, తొలగించడం, నానబెట్టడం, ఆవిరి చేయడం, మరిగించడం, వీటిలో ఏ ఒక్కటైనా తయారీ. దండి తీరాన గాంధీజీ 1930లో గుప్పెడు ఉప్పు ఎత్తినప్పుడు నేరం ఎందుకయిందో, దేవరంపాడు శిబిరంలో టంగుటూరి, కొండా వెంకటప్పయ్యల తరం ఉప్పునీళ్లు కాచినప్పుడు లాఠీలు ఎందుకు లేచాయో ఈ తరహా నిర్వచనాలే చెబుతాయి. ఉప్పుతో నికోటిన్‌ను పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒకటి ప్రాణావసరం, ఒకటి వ్యసనం. పోలిక ఉన్నది పాలకుల వ్యాకరణంలో. వలస సర్కారు తయారీ అన్న మాటను ఇంటి పొయ్యి దాకా సాగదీసింది పన్ను జారిపోకుండా. స్వతంత్ర ప్రభుత్వం అదే మాటను తీగచుట్ట దాకా సాగదీసింది వస్తువు మిగలకుండా. పన్ను వేయడానికి కుట్టిన అంగీని నిషేధానికి తొడిగారు.

పొగాకు విషయంలో ఈ సర్కారీ చూపు ఎంత సమానమైనదో చూడాలంటే తెలుగు నేల కన్నా తగిన చోటు లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు, గోదావరి ప్రాంతాల్లో పండే వర్జీనియా ఆకు వేలం ధర పడిపోతే పార్లమెంటు సభ్యులు వాణిజ్య మంత్రి గడప తొక్కుతారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే చేతులు ప్రధానంగా స్త్రీలవి. దేశం మొత్తం మీద బీడీ కార్మికులు ప్రభుత్వ లెక్కల్లోనే 50 లక్షల దాకా ఉన్నారు. వారికి 1966 నాటి ప్రత్యేక చట్టం ఉంది, తెలంగాణలో పింఛను ఉంది. యంత్రం లేకుండా చేతితో చుట్టిన బీడీలకు ఏడాదికి 20 లక్షల దాకా ఎక్సైజు మినహాయింపు దశాబ్దాల పాటు సాగింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని తీర్మానించింది. కార్మికురాలి కూలి కోసమే ఈ దయ అని అనుకోవచ్చు. ఆ దయ బీడీ తాగే కూలీ ఊపిరితిత్తులకు అందదు. పొగాకు వల్ల ఈ దేశంలో ఏటా 13 లక్షల మందికి పైగా మరణిస్తున్నారని చెప్పేది కూడా ఆ ప్రభుత్వమే. 2016-17 జాతీయ సర్వేలో వయోజనుల్లో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు, ఈ-సిగరెట్ పేరు విన్నవారు 3 శాతమే ఉన్నట్టు తేలింది.

తెలుగులో చుట్ట అన్న మాటకు మెలి తిప్పిన తీగ అనీ అర్థమే, పొగాకు చుట్ట అనీ అర్థమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని వైద్యులు గత శతాబ్ది మధ్యలోనే నమోదు చేశారు. ఆ చుట్టను ఏ చట్టమూ నిషేధించలేదు. నిషేధించి ఉంటే మత్స్యకార పల్లెల్లో ముసలమ్మలను పోలీస్ స్టేషన్లకు నడిపించవలసి వచ్చేది. అలాంటి చట్టం ఎందుకు తగదో అందరికీ తెలుసు. మరో చుట్ట విషయంలో ఆ ఇంగితం ఎవరికీ గుర్తురాలేదు. దాన్ని చుట్టేవారికి సంఘం లేదు, ఓటుబ్యాంకు లేదు, వేలం కేంద్రం లేదు.

ఆర్డినెన్సు వచ్చిన నాడే నిల్వలున్నవారు స్వచ్ఛందంగా ప్రకటించి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలన్నారు. సోదా అధికారం సబ్ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చారు. బెంగళూరు, ముంబయి, ఢిల్లీల్లో అద్దాల అల్మారాల్లో అటమైజర్లు పెట్టి, బ్యాటరీ హద్దులేమిటో చెప్పి, వయసు అడిగి అమ్మిన దుకాణాలు మూతబడ్డాయి. వారు చట్టాన్ని పాటించగల చిరునామా ఉన్నవారు. చిరునామా లేనివారు వ్యాపారం మానలేదు. వారికి మరల పరికరం గిట్టుబాటు కాదు. అది ఒకసారి కొంటే ఏళ్లు నడుస్తుంది, రూపాయి విలువ చేసే తీగతో, దూదితో బాగుపడుతుంది. వారికి కావలసింది వారం తిరిగేసరికి పారేసి మళ్లీ కొనే సరుకు. పండ్ల రుచులతో, మిఠాయి రంగులతో, బిగించి అతికించిన ప్లాస్టిక్ డొల్లల్లో అది చైనా నుంచి వస్తోంది. పాన్ డబ్బాల వెనక, సామాజిక మాధ్యమాల్లో రహస్య సందేశాల మీద చేతులు మారుతోంది. కొనేవాడి వయసు అడిగే నాథుడు లేడు. అందులోని నికోటిన్ మోతాదెంతో, తీగ ఏ లోహమో చెప్పే చీటీకి విలువ లేదు. నిషిద్ధ వస్తువు మీద ప్రమాణాల ముద్ర వేసే అధికారం ఏ సంస్థకూ ఉండదు.

సరిహద్దులకు ఆవల కరాచీ నగరంలో ఈ దుకాణాలు బాహాటంగా నడిచాయి. బంగ్లాదేశ్ 2025 జనవరిలో దిగుమతిని నిషేధించింది. ఉపఖండంలో ఒకే వస్తువు ఒక రేవులో సరుకు, మరో రేవులో సాక్ష్యం.

2022 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెవెన్యూ నిఘా అధికారులు దాదాపు రెండు లక్షల ఈ-సిగరెట్లను పట్టుకున్నారు. విలువ 48 కోట్ల రూపాయల దాకా లెక్కగట్టారు. పట్టుబడినవి వాడి పారేసే రకమే. వాటికి మరలుండవు. లోపల ఒక తీగచుట్ట, ఒక వత్తి ఉంటాయి కానీ చూడాలంటే డొల్లను పగలగొట్టాలి. అదే నెలలో, అంతకు ముందూ ఆ తర్వాతా, హీటరు విడిభాగాలమ్మే ప్రతి పెద్ద బజారులోనూ నైక్రోమ్, కంథాల్ తీగల చుట్టలు కిలోల లెక్కన, రసీదుతో సహా అమ్ముడుపోతూనే ఉన్నాయి.